తాడు అలా చుట్టరు

“మళ్ళీ ఆ పాట ఎత్తారంటే మీ మోటారు తీసుకెళ్ళి వీధిలో పడేస్తాను,” అన్నాడు మెకానిక్కు, చేతిలో స్పానరు కింద పెట్టకుండానే.

డ్రాయింగు మాస్టారు ఉలిక్కిపడ్డాడు. నీళ్ళ మోటారు కాలిపోతే ఎవరో చెప్పగా మొదటిసారి ఆ పడవ ఇంజన్ల షెడ్డుకు వచ్చిన మనిషి. బల్ల మీద కూర్చుని, తనకే తెలియకుండా ‘ఆరుగురి పడవ’లో పాట అందుకున్నాడు. ఆ సంగీత నాటకం నాలుగు నెలలుగా ఊళ్ళో ఆడుతోంది. ఆ పాట పలకని నోరు లేదు.

“పాటేం చేసిందండీ పాపం? బ్రహ్మాండమైన నాటకం. మా ఆవిడ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మా పెళ్ళినాడు కూడా అంత సంబరపడలేదు.”

“తుఫానులో పడవ ఊగుతుంటే ఆరుగురూ వరసగా నిలబడి పాడతారటగా?”

“అబ్బ, ఆ ఘట్టమే అసలు...”

“నోరు తెరిస్తే ఉప్పునీళ్ళు గొంతులో దిగుతాయి. ఊపిరి పీల్చడమే గగనం, పైగా రాగాలు కూడానా! పోస్టరు మీద చూశాను. తాడు పూలదండలా చుట్టి పెట్టారు. తాడు అలా చుట్టరు. ఆ మాత్రం తెలియనివాళ్ళకి ఊరంతా నీరాజనాలు!”

“అది కళండీ. ఇంజన్లు విప్పుకునేవాళ్ళకి...” మాస్టారు నాలిక కరుచుకున్నాడు. “అంటే, నా ఉద్దేశం, చివరిదాకా చూస్తే మీరే ఒప్పుకుంటారు. చివర్లో ఏమవుతుందంటే...”

స్పానరు వెళ్ళి రేకు గోడకు తగిలింది.

“నీ మోటారూ వద్దు, నీ కబుర్లూ వద్దు. లే ఇక్కణ్ణించి!”

సగం విప్పిన మోటారును సంచిలో వేసుకుని మాస్టారు వీధిన పడ్డాడు. మరలు రెండు బల్ల మీదే మిగిలిపోయాయి. వాటిని అడగడానికి కూడా వెనక్కి రాలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కూడా మెకానిక్కు ఒళ్ళు చల్లబడలేదు. కోడలు మందుల షాపు నుంచి అప్పుడే వచ్చి, చెప్పులు విడుస్తూ, “ఆదివారం మధ్యాహ్నం నేనుండను మావయ్యా. నాటకానికి వెళ్తున్నాను,” అంది.

“ఎన్నోసారి?”

“ఏడోసారి.”

“ఊరికి పిచ్చి పట్టింది, పోనీ అనుకున్నాను. నీకేమొచ్చిందమ్మా? చదువుకున్నదానివి!”

“మీరు చూడకుండా తిడుతున్నారు.”

“కుళ్ళిన సరుకని వాసనే చెబుతుంటే నోట్లో వేసుకుని చూడమంటావా? అంత గొప్పేముంది అందులో? చెప్పు, వింటాను.”

“గొప్పేం లేదు,” అంది కోడలు.

ఆయన తెల్లబోయాడు. వాదన మరో పక్కకు వెళ్తుందనుకున్నాడు.

“పాటలు సాగదీశారు. హాస్యగాడు వెకిలి. వచ్చిన పేరులో సగానికి కూడా తగదు. మొదటిసారి చూసినప్పుడు నాకూ ఒళ్ళు మండింది.”

“మరెందుకు పోతున్నావు? ఏం పుణ్యమని?”

ఆమె ఇద్దరికీ వడ్డించి, తన పళ్ళెం ముందు కూర్చుని అంది: “ఒక్కసారి నాతో రండి. చివరిదాకా కూర్చోండి. ఆ తర్వాత మీరెన్ని తిట్టినా పడతాను. మళ్ళీ ఆ గడప తొక్కనని ఒట్టు కూడా వేస్తాను.”

“వేస్తావా?”

“వేస్తాను.”

“అయితే పద. వాళ్ళ బండారమేదో అక్కడే బయటపెడతాను.”

ఆదివారం మూడు గంటల ఆట. హాలు కిటకిటలాడుతోంది. తెర లేచిన రెండో నిమిషం నుంచే ఆయన మొదలుపెట్టాడు. “ఒక్క గుంజుకే ఇంజను స్టార్టయిందే! ఎవడయ్యా వీడు, మంత్రగాడా?” వెనక వరసలోంచి ఎవరో ఉష్ అన్నారు. “నువ్వే ఉష్!” అన్నాడు వెనక్కి తిరిగి. విరామంలో లేచిపోబోతే కోడలు చెయ్యి పట్టుకుంది.

“ఒప్పుకున్నారు. కూర్చోండి.”

కూర్చున్నాడు. తుఫాను వచ్చింది. నీలం గుడ్డలు అలలై లేచాయి. ఒక్కొక్కరే, ఐదుగురూ ఆ అలల కింద కనుమరుగయ్యారు. ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. వేదికంతా చీకటయింది.

తర్వాత సన్నటి వెలుతురు. ఆరో మనిషి, ఇంజను చూసే కుర్రాడు, పాక్కుంటూ గట్టెక్కాడు. దగ్గాడు. లేచి నిలబడి, తలుపు తట్టి, “ఆకలేస్తోంది. అన్నం ఉందా?” అన్నాడు.

హాలంతా నవ్వింది, ఏడ్చింది, లేచి నిలబడింది.

“అబద్ధం!” ఆయనా లేచాడు. “అబద్ధంరా ఇది! ఎవడు చెప్పాడు మీకు? ఎవడు రాయమన్నాడు?”

చప్పట్ల హోరులో ఆ కేక ఎవరికీ వినబడలేదు. హాలు తలుపు దగ్గరి మనిషి మాత్రం పరుగున వచ్చాడు. కోడలు అతన్ని ఆపి, మావయ్య చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది.

మెట్ల మీద ఎండ ఇంకా ఉంది. జనం పాట పాడుకుంటూ దిగిపోతున్నారు. ఆయన ఒక మెట్టు మీద కూలబడ్డాడు.

“ఇక తిట్టండి మావయ్యా. ఒట్టు వేయమంటే వేస్తాను.”

“తాడు తప్పు,” అన్నాడాయన. “ఇంజనూ తప్పే. ఇంత పేరు ఎందుకొచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు.”

“నాకూ కాదు.”

జనం పలచబడ్డారు. ఆయన తలెత్తకుండా అడిగాడు.

“ఆ కుర్రాడు... రోజూ వస్తాడా అలాగ?”

“రోజూ వస్తాడు.”

“రేపటికి రెండు టికెట్లు తీసుకో.”

మూడేళ్ళ కిందట నిజంగానే తుఫానులో మునిగిన ఆ ఆరుగురి పడవలో ఇంజను చూడ్డానికి వెళ్ళిన ఆయన కొడుకు తిరిగి రాలేదు.