ఉరుముగారి ఫోను

"ఓ మోస్తరు వాన అంటే ఎంత? చెంబెడా, చెరువెడా?"

ఫోనులోంచి వచ్చిన ఆ అరుపుకి పక్కగదిలో టీ తాగుతున్న ఇంజనీరు ఉలిక్కిపడి, వెంటనే నవ్వాడు. ఉరుముగారు వచ్చేశారు. ఉదయం వాతావరణ వార్తలు ముగియడం, రైతుల కోసం పెట్టిన ఫోను మోగడం, అవతల ఆ ముసలి గొంతు పేలడం ఈ రేడియో స్టేషనులో రోజూ ఉన్నదే. ఎన్నిసార్లు అడిగినా పేరు చెప్పడు కాబట్టి ఆ పేరు స్టేషనువాళ్ళే పెట్టుకున్నారు.

తిట్లు తినేది మాత్రం వానమ్మ. వార్తలు చదివే అమ్మాయికి శ్రోతలు పెట్టిన పేరది. వాన పేరు మోస్తున్న పాపానికి ఎండకీ వరదకీ కూడా ఆమే జవాబు చెప్పుకోవాలి.

"పై ఆఫీసు పంపిందే చదువుతానండీ," అంది.

"పంపినవాళ్ళు ఎప్పుడైనా చేలో అడుగుపెట్టారా? మొదటిసారి వేసిన మొక్కజొన్న మట్టిలోనే మాడింది. మాడగా మిగిలింది అడవిపందులు తవ్వుకు తిన్నాయి. కొండమీద వాటికి తిండీ నీళ్ళూ లేవట, నా దగ్గరున్నాయా? రెండోసారి వేస్తే, నెలంతా పడాల్సిన వాన ఒక్క మధ్యాహ్నం కురిసి గింజతో పాటు మట్టినీ ఊడ్చుకుపోయింది. ఆరోజు నువ్వేం చదివావు?"

"ఓ మోస్తరు అని."

"సిగ్గులేదూ?"

"ఉందండీ."

ఆమెకి సిగ్గు నిజంగానే ఉంది. కాలాలు తలకిందులైపోతుంటే పై ఆఫీసు మాత్రం ఎవరినీ నొప్పించని ఆ నాలుగు మాటలనే అటూ ఇటూ మార్చి పంపుతోంది. వాటిని తియ్యగా చదివినందుకు ఆమెకి జీతం. ఆ కాగితాన్ని చింపి పారెయ్యాలని ప్రతి ఉదయం అనిపిస్తుంది.

"సరే, విను. ఇంక ఒక్క సంచి గింజలే మిగిలాయి. పొద్దున్నే చీమలు గుడ్లు మోసుకుంటూ గోడెక్కాయి. మా తాత కాలం నుంచీ అది చూసే విత్తుతున్నాం. వెయ్యనా, వద్దా? ఓ మోస్తరు అన్నావంటే ఊరుకోను."

గాజు తలుపు అవతలి నుంచి స్టేషను డైరెక్టరు వద్దన్నట్టు వేలు ఆడించాడు. విత్తమనీ విత్తొద్దనీ ఎవరికీ చెప్పకూడదని అక్కడి రూలు. చెప్పింది తప్పయితే రైతులు స్టేషను మీదికొస్తారు.

"వెయ్యకండి," అంది వానమ్మ.

డైరెక్టరు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

"చీమలెక్కాయంటే వినవేం!" ఫోనులో ముసలి గొంతు మళ్ళీ పేలింది.

"నేల కాలిపోతుంటే కిందెందుకుంటాయండీ? అవి వానొస్తుందని ఎక్కలేదు, వేడికి తాళలేక ఎక్కాయి. ఆకాశం మారింది, నేల మారింది, చీమ కూడా మారింది. మీరు మాత్రం మారరు! ఈ సంచి కూడా మట్టిపాలు చేసి రేపేం తింటారు?"

"మారమని నీతులు చెప్పినవాళ్ళతో నేను మాటలే మానేశాను. నువ్వెంత?" ఆయన ఆగాడు. "అయినా చీమల సంగతి నీకెవరు చెప్పారు?"

"చిన్నప్పుడు ఒకాయన గోడ దగ్గర కూర్చోబెట్టి చూపించారు."

అవతల ఆయన గట్టిగా గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళే వేస్తున్నా. నీ దిక్కున్నచోట చెప్పుకో!" ఫోను ఠక్కున పెట్టేశాడు.

డైరెక్టరు మొహం ఎర్రబడింది. "మతి పోయిందా వానమ్మా? రేపు వాన పడితే తప్పు చెప్పారని ఆయనొచ్చి మన గుమ్మంలో కూర్చుంటాడు."

"పడితే అంతకన్నానా? నేనే కుర్చీ వేస్తా."

"ఆ నంబరు ఇంక రానివ్వకు," అన్నాడు డైరెక్టరు, పక్కగదిలోంచి వచ్చిన ఇంజనీరుతో.

"ఆపితే రేపటి వార్తలు మీరే చదువుకోండి." ఆమె కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

"నోటికొచ్చినట్టు తిట్టేవాడి కోసం ఉద్యోగం వదులుకుంటావా?" అన్నాడు డైరెక్టరు.

"నోటికొచ్చింది కాదు సార్, కడుపులోంచి వచ్చింది. ఇక్కడ నిజం మాట్లాడేది ఆయనొక్కరే. మనకి ఆ ధైర్యం కూడా లేదు."

వరండాలోకి వచ్చి నిలబడింది. పొద్దెక్కకముందే గచ్చు కాలుతోంది, ఆకాశంలో పేరుకైనా మబ్బు లేదు. మొండిఘటం, ఈపాటికి చెప్పులేసుకుని చేలోకి బయల్దేరుతూ ఉంటాడు. ఆమె గబగబా తన సొంత ఫోను తీసి ఒక నంబరు నొక్కింది. అవతల ఎత్తగానే గొంతు తగ్గించింది.

"అమ్మా, ఆ గింజల సంచి నాన్నకి దొరక్కుండా దాచెయ్."