తిరిగొచ్చిన పన్ను

“పన్ను మొత్తం అరగదీసి క్యాప్ వేయడం ఎందుకు డాక్టరమ్మా? ముందువైపు పలుచని పింగాణీ పొర అతికిస్తే చాలదా?”

ఫోన్లో డాక్టరమ్మ నవ్వింది. “ల్యాబ్ వాళ్ళు నాకు వైద్యం చెప్పడం ఇదే మొదటిసారి! ఆ పన్ను చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. రూట్ కెనాల్ చేశాను. లోపలంతా నల్లబడింది, పొర వేస్తే ఆ నలుపు బయటికి కొడుతుంది. విరిగినంత మేర సిమెంటుతో కట్టినా నాలుగు రోజుల ముచ్చటే. అన్నీ చెప్పాకే, మీ ల్యాబ్ పేరు కూడా అడిగి, ఆవిడ క్యాప్‌కి ఒప్పుకుంది.”

“నొప్పి పడిందా?”

“ఎవరు?”

“అదే... పేషెంటు.”

“మత్తిచ్చాను కదమ్మా. నీకెందుకంత బెంగ?”

ఆమె ఏదో గొణిగి ఫోన్ పెట్టేసింది.

పదమూడేళ్ళుగా ఆమె ఆ ల్యాబ్‌లో పళ్ళు చేస్తోంది. ఆమె దగ్గరికి మనుషులు రారు, వాళ్ళ నోళ్ళ అచ్చులు వస్తాయి. డబ్బా మీద పేరుండదు, నంబరుంటుంది. కానీ ఆ రోజొచ్చిన డబ్బాలో పన్ను అరగదీయక ముందు తీసిన అచ్చు కూడా ఉంది. దానికి పేరు అక్కర్లేకపోయింది. పై వరసలో ఏటవాలుగా విరిగిన ముందుపన్ను. కింది వరసలో ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకున్నట్టున్న రెండు పళ్ళు. అది చెల్లెలి నోరు.

ఆ పన్ను విరిగింది ఆమె వల్లే. చిన్నప్పుడు చెల్లెల్ని సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని, వద్దంటున్నా వినకుండా దిగుడు రోడ్డులో బ్రేకు పట్టకుండా పోనిచ్చి పడేసింది. ఇంటికెళ్ళాక చెల్లెలు “మెట్ల మీద జారాను” అని చెప్పింది. ఆ తర్వాత ఎప్పుడూ నిజం బయటపెట్టలేదు.

అలాంటి చెల్లెలి పెళ్ళిలో, ఫోటోలు తీస్తున్నప్పుడు, అత్తవారి బలగమంతా చూస్తుండగా ఆమె నోరు జారింది. “పెదాలు మూసి నవ్వవే, ఆ విరిగిన పన్ను కనపడుతోంది.”

చెల్లెలు ఆ రోజు ఇంక నవ్వలేదు. తర్వాత అక్కతో మాట్లాడనూ లేదు. ముందు ఎవరు పలకరించాలో తేలక తొమ్మిదేళ్ళు గడిచిపోయాయి.

ఇప్పుడా పన్ను ఆమె చేతుల్లోకి వచ్చింది. పింగాణీ పొడి కలిపి, కుంచెతో పొర మీద పొర వేసింది. తళతళలాడే తెలుపు వేయలేదు. పక్కపంటి మీదున్న సన్నటి గీతలు కూడా దించింది.

“ఒక్క పన్నుకి రెండు రోజులా అమ్మాయ్?” అన్నాడు ల్యాబ్ నడిపే పెద్దాయన. “పన్ను చేస్తున్నావా, పెళ్ళికూతుర్ని చేస్తున్నావా?”

వారం తిరక్కుండా పన్ను వెనక్కొచ్చింది. పసుపు కొట్టిందట.

ఆమెకి కోపం రాలేదు. పైగా లోపల సంతోషమే కలిగింది. అచ్చు మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. ఇంకో రెండు రోజులు చెల్లెలు ఎదురుగా ఉన్నట్టే అనిపించింది.

రెండోది కూడా వెనక్కొచ్చింది. పొడుగైందట.

మూడోది వచ్చినప్పుడు మాత్రం ఆమె గుండె జారిపోయింది. నాలుకకి గరుగ్గా తగులుతోందట. వేలితో రాసి చూసింది. గాజులా నున్నగా ఉంది. ‘నా చేతిపని దానికి ఏ రకంగానూ నచ్చదేమో’ అనుకుంది.

ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ ఫోన్ చేసింది. “నీ పనిలో నాకు వంక కనపడలేదు. ఆవిడేమో అతికించనివ్వదు. అద్దంలో చూసుకోవడం, తల అడ్డంగా ఊపడం. చేసినవాళ్ళనే పిలవండి, వాళ్ళకే చెప్తానని కూర్చుంది. రేపు పొద్దున ఓసారి రామ్మా.”

“ఫోటోలు పంపండి డాక్టరమ్మా, చూసి సరిచేస్తాను.”

“ఎన్ని పంపాను! ఇంక నా వల్ల కాదు.”

పక్కనుంచి వింటున్న పెద్దాయన కల్పించుకున్నాడు. “వెళ్ళి ఆ మహాతల్లితో తేల్చుకుని రా.”

మర్నాడు ఆమె ముఖానికి మాస్కు, తలకి టోపీ పెట్టుకుని క్లినిక్‌లో అడుగుపెట్టింది. కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా చూసుకుంది. రంగు సరిచూసి, కొలత తీసుకుని, మారు మాట్లాడకుండా వచ్చేయాలని ఆమె ఆలోచన.

చెల్లెలు కిటికీ పక్క కుర్చీలో వెనక్కి వాలి ఉంది. బుగ్గలు కాస్త నిండాయి. ముక్కు పక్క పుట్టుమచ్చ అలాగే ఉంది. డాక్టరమ్మ తాత్కాలికంగా పెట్టిన క్యాప్ తీసి, “మీరిద్దరూ చూసుకోండి” అని పక్క గదిలో పేషెంటు దగ్గరికి వెళ్ళింది.

ఆమె మూడో పన్నుని మెల్లగా తొడిగింది. రంగులపట్టీ పక్కన పెట్టి చూసింది. రంగు కలిసింది. పొడుగు సరిపోయింది. కొరికించి చూస్తే పై వరస, కింది వరస చక్కగా కూర్చున్నాయి. ఇంకేం చేయాలో ఆమెకి తోచలేదు.

గొంతు మార్చి నెమ్మదిగా అడిగింది. “ఎక్కడ తేడాగా ఉందండీ?”

చెల్లెలు అద్దం అందుకుని చూసుకుంది. దాన్ని ఒళ్ళో బోర్లించింది. పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. చెయ్యి చాపి, ఎదుటి మాస్కుని గడ్డం కిందికి లాగేసింది.

“మూడుసార్లు తిప్పి పంపితే గానీ రావా అక్కా?”