బాలమ్మ బ్లాగు

“బాలమ్మ ఇల్లు ఇదేనా?”

తలుపు దగ్గర నిలబడిన మనిషికి యాభై ఏళ్లుంటాయి. కాళ్లకు సిమెంటు ఎండి అంటుకొని ఉంది. చెప్పులు చేతిలో పట్టుకున్నాడు. ఒంటిగది ఇళ్ల వరుసలున్న ఆ చాల్ మెట్లు మూడంతస్తులు ఎక్కినందుకు ఆయాసపడుతున్నాడు.

గదిలో మయూరి, ఆమె అన్న తుషార్ లాప్‌టాప్ ముందు కూర్చొని ఉన్నారు.

“దాదా, ఎవరో అవ్వను అడుగుతుండు.”

“ఊరికెంచి వచ్చిన చుట్టమై ఉంటడు. కూసోమంటె ఈడనే పండుకుంటడు. నువ్వు ముందు ఇది చూడు.”

పదిహేను రోజులుగా వాళ్లకు ఇదే పని. కొత్త బ్లాగు ఎక్కడ పెట్టాలి? డబ్బు కట్టక్కరలేనివి మూడు తేలాయి. ఆ మూడింటి మధ్యే తిరుగుతున్నారు.

పాత బ్లాగు ఒకటి మయూరికి ఉంది. అందులో పదకొండు నెలలుగా నాయనమ్మ బాలమ్మ సంగతులు రాస్తూ వచ్చింది. ఈ పదిహేను రోజులే ఏమీ రాయలేదు. బాలమ్మ చిన్నప్పుడే పాలమూరు నుంచి వచ్చి, ఈ నగరంలో మేడలకు ఇటుకలు మోసిన మనిషి. మున్సిపాలిటీ బడిలో నేర్చుకున్న తెలుగులో, ముసలమ్మే మాట్లాడుతున్నట్టు రాసింది మయూరి. ‘నేను బాలమ్మను, కామాటిపురా పదకొండో గల్లీల ఉంటా’ అని మొదలయ్యేది ప్రతి కథా.

చాల్‌లో మయూరి ఈడు వాళ్లెవరికీ తెలుగు చదవడం రాదు.

“రోజుకు ఒకటే వ్యూ,” నవ్వాడు తుషార్. “అది గుడ నువ్వే చూసుకుంటున్నవ్.”

“నావి లెక్కకు రాకుండ పెట్టిన దాదా.”

“అయితె ఏదో మిషన్ తిరుగుతుంటది. మనిషి గాదు.”

“బ్లాగర్ అనేదాండ్ల తెలుగు మంచిగనే వస్తది...”

“వస్తె ఏంది, సదివేటోడేడి? వర్డ్‌ప్రెస్‌ల డిజైన్ మస్తుంటది, కాని ఫ్రీ అంటె వాళ్ల యాడ్స్ పడతయ్. ఈ మూడోది చూడు. సదివేటోళ్లు అండ్లనే ఉంటరు. దుకాణం తెరిచి గిరాకీ కోసం కూసునే పని లేదు.”

“అండ్ల తెలుగుల రాస్తె?”

“అరే, హిందీల రాయి. అవ్వ సంగతులే గద, ఏ భాషల ఉంటె ఏంది? పాతది తీసెయ్యి. ఒకటే మాట రెండు జాగల ఉంటె సర్చ్‌ల పైకి రాదు.”

మయూరి తెర మీది తెలుగు అక్షరాలను చూస్తూ కూర్చుంది.

“నిజంగ ఒక్క మనిషి సదువుతున్నడని తెలిసినా ఉంచుత దాదా.”

“ఉంటె ఇన్నొద్దులల్ల ఒక్క కామెంటన్న పెట్టకపోవునా?”

మయూరి పాత బ్లాగు సెట్టింగులు తెరిచింది.

“అమ్మా,” తలుపు దగ్గరి మనిషి మళ్లీ పిలిచాడు. “బాలమ్మకు పాణం బాగలేదా?”

తుషార్ విసుగ్గా లేచాడు. “ఆమె సచ్చిపోయి నాలుగేండ్లాయె కాకా.”

“నాలుగేండ్లా?” అతను గోడ పట్టుకున్నాడు. “మొన్నటిదాక మాట్లాడె గద!”

తుషార్ చెల్లెలి వైపు తిరిగి బొటనవేలు నోటికి ఆనించి చూపించాడు. “పొద్దుగాల్నే ఏసిండు.”

మయూరికి నవ్వొచ్చింది.

“ఎట్ల పోయింది బిడ్డా?”

“ముసల్ది, పోయింది. చల్ కాకా, నడువు. మాకు పనుంది.”

అతను తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి భుజం మీద వేసుకున్నాడు. చేతి సంచిని గడప పక్కన పెట్టి, మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయాడు. సంచిలో అర డజను బత్తాయిలున్నాయి.

“తాగినా మంచోడే,” అని తుషార్ ఒకటి ఒలిచాడు. సగం చెల్లెలికి ఇచ్చాడు.

‘ఈ బ్లాగును తొలగించాలా?’ అని అడిగింది తెర.

మయూరి తొన నోట్లో వేసుకొని, ‘అవును’ నొక్కింది.

హిందీ బ్లాగు నిలబడింది. నాలుగు నెలల్లో ఐదు వందల మంది చేరారు. ‘గుండె తడిసింది’ అని రాసేవాళ్లు. అలా రాసిన వాళ్లు కూడా నిమిషం లోపలే వెళ్లిపోయేవాళ్లని లెక్కలు చెప్పేవి. మయూరి ఆ లెక్కలు చూడటం మానేసింది.

కూలీల మీద ఒకటి రాద్దామని, ఒకరోజు పొద్దున నాగ్‌పాడాలో కూలీలు పని కోసం నిలబడే చోటికి వెళ్లింది. తట్ట పక్కన పెట్టుకొని కూర్చున్న ఒకామెను హిందీలో పేరడిగింది.

“అంజమ్మ. నాకు హిందీ సక్కగ రాదు బిడ్డా. తెలుగు రాదా నీకు?”

“వస్తది.”

“యాడుంటవ్?”

“కామాటిపురా. పదకొండో గల్లీ.”

అంజమ్మ దిగ్గున లేచింది. “బాలమ్మ గల్లీ!”

“బాలమ్మ మా అవ్వ. నీకెట్ల తెలుసు?”

అంజమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

“అచ్చం మా లెక్కనే మాట్లాడేది తల్లీ. ఆమె పోయిందని ఇన్న దినం మేమెవరం పనికి పోలే. ముప్పై మందిమి తలకు నీళ్లు వోసుకున్నం. పొయ్యి ముట్టియ్యలే.”

“పోయిందని ఎవరు చెప్పిండ్రు?”

“మా యాదయ్య. బాలమ్మ మాట్లాడక పదిహేను దినాలాయె, ఒంట్ల బాగలేదేమో, చూసొస్త అని మీ ఇంటికే వచ్చిండు గద.”

“ఆయన ఏడి?”

“ఊరికి పోయిండు. ఇగ ఈడికి రానన్నడు.”

“ఆయనకు మా అవ్వ ఎట్ల ఎరుక?”

అంజమ్మ ఆమెను వింతగా చూసింది.

“మా ముప్పై మందిల సదువొచ్చినోడు ఆయనొక్కడే బిడ్డా. పనికెంచి వచ్చినంక దినాం ఫోన్ల బాలమ్మ చెప్పినయ్ ఆయన సదువుతుంటె, మేమందరం సుట్టు కూసోని ఇంటుంటిమి.”