రాళ్లచేను కోరుకున్నవాళ్లు

హైడ్రోజన్ పాలసీ వచ్చాక, ఆ గ్యాసు తయారీకి కరెంటు కావాలని కంపెనీవాళ్లు సోలార్ పలకల కోసం మా తోడికోడలు మద్దమ్మవాళ్ల గుట్టమీది రాళ్లచేనును లీజుకు తీసుకున్నారు. పంట పండే మా నల్లరేగడి అక్కర్లేదన్నారు.

భాగాలు పంచుకున్ననాడు మద్దమ్మవాళ్లు ఆ రాళ్లచేను కోరుకుంటే లోలోపల సంతోషించినదాన్ని, ఇప్పుడు అన్నం సయించక, గుట్టెక్కి ఆమెను నిలదీశాను.

"పెద్దోళ్లం మేం భాగాలు వేస్తే, ముందు కోరుకున్నది మీరు. కంపెనీ వస్తాదని ఎవరో చెప్పింటారు. మళ్లా పంచాల్సిందే!"

"పదేండ్ల కిందట ఎవరికి తెలుసక్కా?" అంది మద్దమ్మ. "అప్పటికే నీకు మోకాళ్లు శానా నొస్తాండె. దినామూ ఈ గుట్ట యాడెక్కుతావులే అని మేమే దీన్ని కోరుకుంటిమి."

నేను గుట్ట దిగడానికి వెనక్కి తిరిగాను. మద్దమ్మ వెంట వచ్చింది.

"పంచాలంటే పంచుదాంలే. ముందు నా చెయ్యి పట్టుకో. దిగేటప్పుడు కాలు జారతాది."