మూగబోయిన ఫోన్లు

కొత్త జబ్బులను ముందుగా పసిగట్టే కేంద్రంలో రాత్రి డ్యూటీ ఆమెది. కొండ ఊళ్ల ఆసుపత్రుల నుంచి వింత జ్వరం కబుర్లతో వారంగా ఊపిరి సలపనివ్వని ఫోన్లు ఈ రాత్రి మూగనోము పట్టాయి.

"తగ్గినట్టుందమ్మా. ఇక ఊళ్లకు హెచ్చరికలు పంపడమెందుకు, జనాన్ని హడలగొట్టడానికి కాకపోతే," అని పెద్ద డాక్టరు ఇంటికి వెళ్లిపోయాడు.

మనసొప్పక, ఆ కొండ ఊళ్లలోనే ఒక ఆసుపత్రిలో నర్సుగా ఉన్న అక్కకు ఫోన్ చేసింది. చాలాసేపటికి అక్క ఎత్తింది.

"జ్వరాలు తగ్గాయా అక్కా? ఎవరూ ఫోన్ చెయ్యట్లేదేం?"

"చెయ్యడానికి ఎవరున్నారే," అంది అక్క నీరసంగా. "నేనూ పడుకుంటున్నా. మీరు అన్ని ఊళ్లకీ చెప్పేశారుగా?"

అవతల ఊపిరి చప్పుడు కాసేపు వినిపించి, ఆగిపోయింది.

వెంటనే పెద్ద డాక్టరుకు ఫోన్ కలిపింది. అది మోగుతూనే ఉంది.