కొత్త తుప్పు

"తలుపెయ్యన్నా. ముందు తలుపెయ్యి."

గోనెపట్టాలో చుట్టి తెచ్చిన తుపాకిని బల్ల మీద పెడుతూ అన్నాడు బాలచంద్ర.

లాల్ బాషా తలుపు వెయ్యలేదు. తుపాకులు బాగుచేయడానికి లైసెన్సున్న అంగడి అది. పట్టపగలు తలుపు మూసుకుని పనిచేసే అలవాటు ఆయనకు లేదు. అడిగింది పాతికేళ్ల స్నేహితుడైనా సరే.

"ఏందప్పా ఇది? పుత్తూరు నుంచి దీన్ని మోసుకొని చిత్తూరుదాకా వచ్చినావా?"

"మా తాత మిలటరీ తుపాకి. మా పక్క ఊర్లల్లో ఉండే తుపాకులన్నీ రేపటికంతా స్టేషన్లో అప్పజెప్పాలంట. గొట్టం శుభ్రంగా కడుగు. అరిగిపోయింది, పనికిరాదని ఒక కాగితం రాసియ్యి. అంతే."

"పేల్చి ఎన్నాళ్లయింది?"

"ఇరవై ఏండ్లు. అటక మీదనే పడుండాది."

లాల్ బాషా బోల్టు ఊడదీసి, గొట్టాన్ని వాకిలి వెలుతురుకు పట్టి ఒక కన్ను మూశాడు. గుండును తిప్పి పంపే మెలిక గీతలు లోపల నీడల్లా మిగిలాయి. డ్రాయరులోంచి ఒక డమ్మీ తూటా తీసి, దాని మొనను గొట్టం మూతిలో పెట్టాడు. సగంలో ఆగాల్సిన మొన తూటా ఇత్తడి తొడుగుదాకా జారిపోయి లొడలొడలాడింది.

"పూర్తిగా అరిగిపోయిందప్పా. దీంట్లోంచి పోయే గుండు నేరుగా పోదు. పల్టీలు కొట్టుకుంటా పోతుంది."

"అదే రాసియ్యి." బాలచంద్ర ఊపిరి తీసుకున్నాడు.

"రాస్తాలే. ముందు గుడ్డ లాగనీ."

బరువు కట్టిన తాడును గొట్టంలోకి జార్చి, చివర నూనె గుడ్డ తగిలించి లాగాడు. గుడ్డ ఎర్రగా బయటికి వచ్చింది.

లాల్ బాషా చెయ్యి ఆగిపోయింది. ఇరవై ఏళ్ల తుప్పయితే నల్లగా గట్టిపడి ఉంటుంది, గుడ్డకు అంత సులభంగా అంటదు. ఇది పొడిపొడిగా రాలుతోంది. పాత మిలటరీ తూటా పేల్చి, గొట్టం కడక్కుండా పెడితే రెండు మూడు రోజుల్లో ఇట్లాగే పూస్తుంది. రెండో గుడ్డ లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కాలిన మందు వాసన.

మొన్నటి పేపరు గుర్తొచ్చింది. పుత్తూరు అవతల కొండ కింద మేకలు మేపుకుంటున్న ఆనందమ్మ అనే ఆమె తుపాకి దెబ్బకు చనిపోయింది. ఎవరు పేల్చారో తెలియదు. గుండు మొనతో కాదు, అడ్డంగా దిగిందని రాశారు.

"ఏమన్నా, అట్లా నిలబడిపోతివి?"

"ఏం లేదు. గొట్టంలో పొయ్యడానికి ఉడుకునీళ్లు కావాల. కాంచుకొని వస్తా, కూర్చో."

అంగడి వెనకే ఇల్లు. వంటింట్లో దిల్షాద్ బీ నీళ్లు పొయ్యి మీద పెడుతుంటే, లాల్ బాషా గోడ వైపు తిరిగి స్టేషనుకు ఫోన్ చేశాడు. ఆనందమ్మను కాల్చిన తుపాకి బాలచంద్ర తెచ్చాడని, రెండే మాటలు. ఆమె చెయ్యి కెటిలు మీదే ఉండిపోయింది.

"బాలచంద్రన్ననా? మన ఇంట్లో మనిషి మాదిరి గదా! మొన్న గూడా మన పిల్లోడు వాళ్లింట్లోనే గదా ఉండి వచ్చినాడు."

"మేకలు మేపుకునే ఆడమనిషి, దిల్షాద్. ఆ యమ్మకీ ఒక ఇల్లుంటుంది గదా."

కెటిలు పట్టుకుని తిరిగి అంగడిలోకి వచ్చాడు. బాలచంద్ర కూర్చోలేదు. వాకిలికీ బల్లకీ మధ్య తిరుగుతున్నాడు.

"పొయ్యన్నా, తొందరగా."

"ఆనందమ్మ మీ ఊరేనా?"

బాలచంద్ర నిలబడిపోయాడు.

"పందికని కాల్చింది అది. పొద మాటున మనిషుండాదని ఎవురికి తెలుసు?"

"తెలీకపోతే అట్లే పోయి చెప్పుకోవాల. కడిగి దాచిపెడితే యెట్ల?"

"నువ్వు నీళ్లు పొయ్యన్నా! తర్వాత నన్ను ఎన్ని మాటలైనా అను."

"పొయ్యను."

బాలచంద్ర కెటిలు లాక్కోబోయాడు. లాల్ బాషా చెయ్యి పక్కకు తిప్పేశాడు. ఉడుకునీళ్లు నేల మీద చింది ఇద్దరి పాదాలూ కాలాయి. ఎవరూ అరవలేదు. బయట జీపు వచ్చి ఆగింది.

బాలచంద్ర వాకిలి వైపు చూశాడు. తర్వాత స్నేహితుడి వైపు.

"నువ్వే పిలిచినావా?"

"నేనే. స్నేహం స్నేహమే బాలచంద్రా. ఆ యమ్మ పానం పానమే."

పారిపోతాడనుకున్నాడు లాల్ బాషా. బాలచంద్ర మాత్రం స్టూలు లాక్కుని మెల్లగా కూలబడ్డాడు. అతని మొహంలో భయం లేదు. జాలి ఉంది. అది చూసి లాల్ బాషాకు మొదటిసారి భయమేసింది.

"ఎంత పని చేస్తివన్నా! పేల్చింది నేను గాదు."

మెట్ల మీద బూట్ల చప్పుడు దగ్గరవుతోంది.

"మరి ఎవురు?"

బాలచంద్ర తల వంచుకున్నాడు.

"'మా నాయనకు మాత్రం తెలియనీయద్దు మామా' అని నీ కొడుకు నా కాళ్లు పట్టుకున్నాడన్నా."