అడగని వయసు

బార్లో తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ, బీరు తాగుతున్న కాలేజీ పిల్ల దగ్గర ఆగింది.

"నీకెన్నేళ్లమ్మా?"

"పదిహేడు," అని ఆ పిల్ల ఏడ్చేసింది.

ఇన్‌స్పెక్టరమ్మ ఫోన్ చేసి వాళ్లమ్మను రప్పించింది. తల్లి కూతుర్ని పొదివి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

ఆ తర్వాత ఇన్‌స్పెక్టరమ్మ, ఆ పిల్లకు బీరు పోసిన, ఎర్రగా లిప్‌స్టిక్ వేసుకున్న పనమ్మాయి వైపు తిరిగింది. "పసిపిల్లకు పోయడానికి నీకు చేతులెలా వచ్చాయి? వయసు అడగాలని తెలీదా?"

పనమ్మాయి నోరు తెరిచేలోగా యజమాని వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బిగుసుకుంది.

"మా ఆవిడ అక్క కూతురు మేడమ్. మా ఇంట్లోనే ఉంటుంది. నేను బుద్ధి చెప్తాను."

ఇన్‌స్పెక్టరమ్మ కేసు రాసుకుని బయల్దేరింది. తననూ ఎన్నేళ్లని అడిగితే పదిహేనని చెప్పేద్దామని, ఆవిడ జీపెక్కేదాకా పనమ్మాయి ఆవిడ మొహంలోకే చూస్తూ నిలబడింది.